కల్పిత లోకంలోని జాతుల సంస్కృతిని ఎలా వర్ణించాలి?

మీరు అడిగింది ఇదీ: ఫాంటసీ నవల రాస్తున్నారు, అందులో మూడు జాతులు, వాళ్ళ మధ్య పాత యుద్ధం ఒకటి. పండుగలు, దుస్తులు, దేవుళ్ళు అన్నీ కల్పించి పెట్టుకున్నారు. అయినా చదివినవాళ్ళు "బొమ్మల కొలువులా ఉంది, మనుషులు కనపడట్లేదు" అంటున్నారు. చివర్లో పదకోశం పెడితే నయమా అని కూడా అడిగారు.

ఈ రోగం నాకూ ఉండేది. ఏడేళ్ళ కిందట ఒక ఏటి ఒడ్డు జాతిని కల్పించాను. లాంగ్ నోట్‌బుక్ సగం దాకా వాళ్ళ గురించే. ఏ నెలలో ఏ పండుగ, ఏ వయసుకి ఏ రంగు బట్ట, పెళ్ళికి ఎన్ని దండలు, చచ్చిపోతే తల ఎటు పెట్టాలి, అన్నీ ఉన్నాయి. మొదటి అధ్యాయం రాసి ఫ్రెండ్‌కిస్తే, చదివి "టూరిజం వాళ్ళ కరపత్రంలా ఉందిరా" అన్నాడు. వారం రోజులు వాడితో మాట్లాడలేదు. వాడన్నది నిజమని లోపల తెలుసు కాబట్టే మాట్లాడలేదు.

నాకు విషయం అర్థమైంది ఒక చెంబు నీళ్ళ దగ్గర. మాది తెనాలి. హైదరాబాద్ వచ్చిన కొత్తల్లో లాల్‌దర్వాజలో ఒక పాతింట్లో పై వాటా అద్దెకు తీసుకున్నాను. ఆషాఢం వచ్చింది. బోనాల గురించి నాకు బాగానే తెలుసనుకున్నాను. గోల్కొండలో మొదలవుతాయి, తర్వాత సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, ఆ తర్వాత మా లాల్‌దర్వాజ. కొత్త కుండలో అన్నం వండి, వేపమండలు కట్టి, పైన దీపం పెట్టి నెత్తిన ఎత్తుకుంటారు. పోతురాజు అమ్మవారి తమ్ముడు. పేపర్లో చదివిందంతా నోటికొచ్చు. ఆ ఆదివారం గేటు దగ్గర నిలబడి ఫోన్‌లో వీడియో తీస్తుంటే ఇంటావిడ వచ్చి నా చేతిలో నీళ్ళ చెంబు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఇంతలో ఒక పెద్దావిడ బోనం ఎత్తుకుని వచ్చి మా గేటు ముందు ఆగింది. చూస్తే మా వీధి కూరగాయలావిడే. పాపం అంత బరువుతో నడిచొచ్చింది, దాహం వేసుంటుంది అనుకుని చెంబు ఆవిడ నోటి దగ్గరికి ఎత్తాను.

ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. కళ్ళు దించి తన కాళ్ళ వైపు చూసింది, అంతే. వెనక నుంచి ఇంటావిడ పరుగున వచ్చి "కాళ్ల మీద పొయ్యి బిడ్డా, కాళ్ల మీద" అంటూ నా మోచెయ్యి పట్టుకుని చెంబు వంచింది. నీళ్ళు పడ్డాకే ఆ పెద్దావిడ కదిలింది. బోనం నెత్తిన ఉన్నంతసేపూ ఆవిడ అమ్మవారేనని నాకెవరూ వివరించలేదు, వివరించాల్సిన పనీ లేకపోయింది. మర్నాడు అదే ఆవిడ దగ్గర బెండకాయలు కొంటే మాత్రం కిలోకి రెండు రూపాయలు కూడా తగ్గించలేదు.

అప్పటి నుంచి నేను ఆచారాన్ని వర్ణించే పని మానేసి, ఎవరో ఒకరు తప్పు చేసే చోటు వెతుక్కుంటున్నాను. కొత్తల్లుడో, సరుకు అమ్ముకోవడానికొచ్చిన పరాయి ఊరివాడో, పెద్దల మధ్యలో దూరిన పదేళ్ళ పిల్లో, ఎవరైనా సరే. తప్పు జరిగాక సరిదిద్దింది ఎవరు? గట్టిగా అరిచి చెప్పారా, చెవిలోనా? చూసినవాళ్ళు నవ్వారా, విస్తరి ముందు నుంచి లేచిపోయారా? భక్తి, పెద్దరికం, సిగ్గు అన్నీ అక్కడే బయటపడతాయి. మీరు పేజీలకొద్దీ రాసుకున్న పండుగ మూడు వాక్యాల్లో అయిపోతుంది. కొంచెం బాధగానే ఉంటుంది లెండి.

తర్వాతది మాట. మన ఇళ్ళల్లోనే చూడండి. బియ్యం అయిపోతే "నిండుకున్నాయి" అంటాం. దేవుడి దగ్గర దీపం ఆరితే "కొండెక్కింది". గడప దాటేవాడు "వెళ్తాను" అంటే పెద్దవాళ్ళు ఊరుకోరు, "వెళ్ళొస్తాను" అనాలి. ఒంటి మీద పొక్కులు లేస్తే "అమ్మవారు పోసింది". ఈ జనం దేనికి భయపడతారో పరాయివాడికి ఈ నాలుగు మాటల్లో తెలిసిపోతుంది. మా ఏటి జాతివాళ్ళు వరద అనే మాట నోట అనరు. "రాత్రికి చుట్టాలొచ్చేలా ఉన్నారు, పిల్లల్ని అటకెక్కించు" అంటుంది తల్లి. ఈ ఒక్క వాక్యం దొరికాక నోట్‌బుక్‌లో వరద దేవత మీద రాసుకున్న నాలుగు పేజీలూ కొట్టేశాను.

తెలుగులో రాస్తున్నారు కాబట్టి మీకు పైసా ఖర్చు లేకుండా ఇంకో సరుకు ఉంది: మేము, మనం. "మేము ఏరు దాటుతాం" అంటే నువ్వు ఒడ్డునే ఉండు అని. "మనం దాటుదాం" అంటే నువ్వూ రా అని. నా కథలో పరాయి కుర్రాడితో ఆ జాతివాళ్ళు పన్నెండు అధ్యాయాలు "మేము" అనే మాట్లాడతారు. వరసలూ అంతే. మేనత్తా అత్తే, పెళ్ళాం తల్లీ అత్తే. మేనరికం మన పిలుపుల్లోనే ఉంది. మీ జాతులకు వరసల పేర్లు ఆలోచించి పెడితే ఎవరు ఎవర్ని చేసుకోవచ్చో విడిగా చెప్పక్కర్లేదు.

ఇక, మీ జాతిలో అందరూ ఒకే కారణం చెబుతున్నారా? అలాగైతే అది వాళ్ళు చెబుతున్నది కాదు, మీరు చెబుతున్నది. బోనాలు ఎందుకు చేస్తారని ఇంటావిడనడిగితే, ఒకప్పుడు గత్తర వచ్చి జనం పిట్టల్లా రాలిపోతే మొక్కుకున్నదంది. వాళ్ళబ్బాయేమో ఆషాఢంలో అమ్మవారు పుట్టింటికొస్తుంది కదన్నా అన్నాడు. పక్కింటి తాతనడిగితే "మా నాయన చేసిండు, మేం చేస్తున్నం" అని బీడీ వెలిగించుకున్నాడు. అంతెందుకు, 1591 నాటి చార్మినార్‌నే తీసుకోండి. ప్లేగు తగ్గినందుకు కట్టారని కొందరు, హిజ్రీ వెయ్యో ఏడు వస్తోందని కట్టారని కొందరు. ఇప్పటికీ తెగలేదు.

మీ పాత యుద్ధం సంగతి కూడా ఇలాగే. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద వేల మందిని మింగింది. సర్కారు తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టించింది. జనం మాత్రం ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు గురించి చెబుతారు, దాన్నెక్కి నూటయాభై మంది బతికారని. మీ యుద్ధానికి తేదీ ఏం చేసుకుంటాం గానీ, ఆ చెట్టేదో వెతకండి.

ఒక తప్పు చెప్పి తీరాలి. నా కథలో దారి దోపిడీ గుంపు ఒకటుంది. చూడ్డానికి బాగుంటుందని వాళ్ళ నెత్తిన నెమలి ఈకల పెద్ద టోపీలు పెట్టాను. మా ఆఫీసులో ఆదిలాబాద్ గోండు కుర్రాడున్నాడు. చదవమని ఇస్తే, చదివి ఇరానీ హోటల్లో టీ చల్లారేదాకా ఏమీ అనలేదు. తర్వాత "అన్నా, మావాళ్ళ టోపీ దొంగలకెందుకు పెట్టినవ్?" అన్నాడు. దీపావళి ముందు వాళ్ళు చేసుకునే దండారి పండుగలో గుస్సాడీలు, అంటే వేషం కట్టి ఆడేవాళ్ళు, పెట్టుకునే టోపీ అది, దానికి పూజ చేస్తారు. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ సాయంత్రమే కేస్లాపూర్‌లో గోండులు చేసే నాగోబా జాతర గురించి చెప్పాడు. పెళ్ళయిపోయినా సరే, మెస్రం వంశపు కొత్త కోడళ్ళను జాతరలో దేవుడి ముందు పరిచయం చేసేదాకా, అంటే భేటింగ్ అయ్యేదాకా, వాళ్ళు పూర్తిగా ఆ వంశంలో కలిసినట్టు కాదట. మనిషి ఒక ఇంట్లోకి రెండుసార్లు అడుగుపెట్టాలన్న ఆలోచన నన్ను పట్టుకుంది. అది మాత్రం తీసుకున్నాను, రూపం పూర్తిగా వేరు: మా ఏటి జాతిలో కొత్త కోడలు మొదటి వరద గడిచేదాకా తన పేరుతో పొయ్యి వెలిగించదు. బతికున్న జనం దగ్గర వేషం ఎత్తుకొచ్చి దానికి కొత్త పేరు తగిలిస్తే, వాళ్ళల్లో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు చదువుతారు.

దుస్తుల గురించి ఎక్కువ ఆలోచించకండి. తడిసినప్పుడో, చిరిగినప్పుడో, అప్పు తెచ్చుకున్నప్పుడో చెబితే చాలు. తిండి దగ్గర మాత్రం ఎవరు వండారు, ఎవరు ఆఖర్న తిన్నారు అన్నది వదలొద్దు.

పదకోశం వద్దు. కొత్త మాట మూడోసారి వచ్చేసరికి పాఠకుడికి దానంతటదే అర్థం కాకపోతే ఆ సీన్ మళ్ళీ రాయండి. ఒక్కో జాతికి అయిదారు కొత్త మాటలు దాటితే నాకే గుర్తుండవు.

మీ మూడు జాతుల్లో ఒకదాని పెళ్ళి భోజనాల దగ్గర గొడవ పెట్టి రెండు పేజీలు రాయండి. దేవుళ్ళ పేర్లేవీ రాకూడదు. ఇక్కడ పెడితే తప్పకుండా చదువుతా.