రిపోర్టులో ఆర్ చూసి కంగారుపడకు

అమ్మాయీ,

ఆశీస్సులు. నువ్వు ఫోన్‌లో అడిగింది రెండు ముక్కల్లో తేలేది కాదని ఇలా రాస్తున్నాను. బ్రాంకియెక్టేసిస్ (ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాలు శాశ్వతంగా వెడల్పయి తెమడ పేరుకునే జబ్బు) పేషెంటుకి సెఫ్టజిడిమ్ అనే యాంటీబయాటిక్ ఎక్కిస్తున్నావు. నాలుగో రోజుకే దగ్గు తగ్గింది, తెమడ పలచబడింది, రాత్రి నిద్ర పడుతోంది. ఐదో రోజు కల్చర్ రిపోర్ట్ వచ్చింది. సూడోమొనాస్ అనే బ్యాక్టీరియా, ఆ మందుకే రెసిస్టెంట్ (లొంగదు) అని ఎదురుగా ఆర్ అక్షరం. ఇప్పుడు మార్చాలా అని నీ టెన్షన్.

మార్చకు. మనిషి తేరుకుంటున్నాడు. ఆ కాగితం కోసం పనిచేస్తున్న మందును ఆపక్కర్లేదు.

వీలు చూసుకుని ఒక పూట ల్యాబ్‌లో కూర్చో. ఇలాంటి పేషెంటు తెమడ వేసిన ప్లేటు అడిగి చూడు. ఒక పక్క చీమిడిలా జారిపోయే కాలనీలుంటాయి, పక్కనే చదునుగా పచ్చటివి, వాటి సందుల్లో గుండుసూది మొనంతవి. అన్నీ సూడోమొనాసే, కానీ ఒక్కోదానికి ఒక్కో మందు దగ్గర ఒక్కో తీరు. టెక్నీషియన్ వాటిలో ఒకటో రెండో తీసి పరీక్ష పెడతాడు. నీ చేతికొచ్చిన ఆర్ ఆ ఒకటి రెండింటి సంగతే. ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో కాపురమున్న గుంపు మొత్తం సంగతి కాదు. పైగా ప్లేటు మీద క్రిములు సుఖంగా, వేగంగా పెరుగుతాయి. లోపల బయోఫిల్మ్ అనే జిగట పొర కప్పుకుని, ఆక్సిజన్ సరిగా అందక మందకొడిగా బతుకుతాయి. అందుకే ఎస్ (ససెప్టిబుల్, అంటే క్రిమి లొంగుతుంది) అని వచ్చిన మందు కూడా ఒక్కోసారి పనిచేయదు. సిస్టిక్ ఫైబ్రోసిస్ (పుట్టుకతో వచ్చే, ఊపిరితిత్తుల్లో చిక్కటి తెమడ పేరుకునే జబ్బు)లో రిపోర్టుకీ ఫలితానికీ ఈ పొంతన లేకపోవడం ఎప్పటినుంచో చూస్తున్నదే. బయోఫిల్మ్‌లోనే పెంచి పరీక్షించి చూశారు, దాన్నిబట్టి మందులిచ్చినా ఫలితాలు మెరుగుపడినట్టు తేలలేదు.

నెబ్యులైజర్ మందుల లెక్క మరీ వేరు. ఎస్, ఆర్ హద్దులు పెట్టింది రక్తంలోకి వెళ్లే మందును దృష్టిలో పెట్టుకుని. టోబ్రామైసిన్ 300 మిల్లీగ్రాములు పీలిస్తే తెమడలో చేరే మోతాదు ఆ హద్దుల్ని ఎన్నో రెట్లు దాటిపోతుంది.

రిపోర్టులో వచ్చే మూడో అక్షరం ఐ గురించి కూడా చెప్పాలి. మా రోజుల్లో ఐ అంటే అటూ ఇటూ కానిది అని వదిలేసేవాళ్లం. 2019లో యూకాస్ట్ (ఈ హద్దులు నిర్ణయించే యూరప్ కమిటీ) దాని అర్థం మార్చింది: మోతాదు పెంచి ఇస్తే పనిచేస్తుందని. ఆ పద్ధతిలో సూడోమొనాస్‌కి సెఫ్టజిడిమ్ ఐ రావడం మామూలే. మీ ల్యాబ్ ఏ పద్ధతి వాడుతోందో ముందు కనుక్కో.

పేషెంటు తేరుకోకపోతే అప్పుడు రిపోర్ట్ తీసి మందు మార్చు. దానికన్నా ముందు తెమడ బయటికి తెచ్చే ఎక్సర్‌సైజులు చేస్తున్నాడా, డోసు సరిపోతోందా చూడు. సగం సార్లు చిక్కు అక్కడే ఉంటుంది.

ఇంత చెప్పానని రిపోర్టులన్నీ పక్కన పడేయకు. ఎన్‌టీఎం (క్షయ క్రిమికి చుట్టాలైన, క్షయ కాని మైకోబ్యాక్టీరియాలు) దగ్గర, ముఖ్యంగా మైకోబ్యాక్టీరియం ఏవియం గుంపులో, క్లారిత్రోమైసిన్ ఎంఐసి (క్రిమి పెరుగుదలను ఆపే కనీస మోతాదు) 32 గానీ ఆపైన గానీ వస్తే నమ్మి తీరాలి. అక్కడ రెసిస్టెన్స్ వచ్చిందంటే చికిత్స ఫలించే అవకాశం బాగా పడిపోతుంది. అమికాసిన్ అంకెనూ పట్టించుకో. అదే రిపోర్టులో రిఫాంపిసిన్, ఇథాంబుటాల్ అంకెలకు మాత్రం ఫలితంతో పెద్దగా సంబంధం లేదు, వాటిని చూసి మందులు తీసేయకు. ఎన్‌టీఎంలోనే మరో రకం మైకోబ్యాక్టీరియం అబ్సెసస్ అయితే మూడో రోజు క్లారిత్రోమైసిన్‌కి ఎస్ ఇచ్చారని సంబరపడకు. మందు తగిలాక మేలుకుని రెసిస్టెన్స్ తెచ్చే ఈఆర్ఎం 41 జీన్ దానిలో ఉండొచ్చు, 14వ రోజు దాకా ఆగాలి.

నా తప్పొకటి చెబుతాను. మాటిమాటికీ ఇన్ఫెక్షన్ తిరగబెడుతోందని ఒకావిడకు నెలల తరబడి అజిత్రోమైసిన్ ఒక్కటే ఇచ్చాను. మొదలుపెట్టేముందు ఎన్‌టీఎం కల్చర్ పంపలేదు. తీరా పంపితే ఏవియం, అప్పటికే మాక్రోలైడ్ (అజిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ జాతి మందుల) రెసిస్టెంట్. కల్చర్ నెగెటివ్ అయ్యాక మరో 12 నెలలు మందులు వాడి బయటపడాల్సిన జబ్బును చేజేతులా ముదరబెట్టాను. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఇక ఈ పేషెంటు పాత రిపోర్టులన్నీ తేదీల వారీగా పేర్చి చూడు. ఎన్‌టీఎం కల్చర్ ఎప్పుడైనా పంపారా? లేకపోతే అజిత్రోమైసిన్ ఆలోచన పెట్టుకోకముందే పంపు. సీసాలో ఉన్నది తెమడో, ఉత్త ఉమ్మో నువ్వే వెలుతురులో పట్టుకుని చూసి మరీ పంపు. రిజల్ట్ వచ్చాక ఫోన్ చెయ్యి.

మీ సార్