బీఫ్ పై: అడుగు ముద్దవకుండా ఎలా?

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. ఇద్దరం ఉద్యోగాల నుంచి ఇంటికొచ్చేసరికి ఆరవుతుంది. మా పదేళ్ల బాబు స్నేహితుడి ఇంట్లో గ్రౌండ్ బీఫ్‌తో (బీఫ్ కీమాతో) చేసిన పై, అంటే కిందా మీదా పిండి పొర పెట్టి మధ్యలో కూరతో ఓవెన్‌లో కాల్చే వంటకం, తిన్నప్పటి నుంచి అదే కావాలంటున్నాడు. రెండుసార్లు చేశాను. రెండుసార్లూ లోపల కూర నీళ్లు నీళ్లుగా, అడుగున పిండి పచ్చిగా ఉండిపోయింది. వారం మధ్యలో తేలిగ్గా చేసుకునే దారి చెప్పండి.

జవాబు: ముందు ఆ అడుగు పొర మానేయండి. తొమ్మిది అంగుళాల మెటల్ బేకింగ్ పాన్‌లో కూర వేసి (చల్లని గాజు డిష్ వేడి ఓవెన్‌లో పగిలిపోవచ్చు), మీద ఒక్క పొర కప్పితే చాలు. పచ్చిగా ఉండే బాధా ఉండదు, టైమూ కలిసొస్తుంది. పొర కోసం పిండి కలపక్కర్లేదు, స్టోర్‌లో దొరికే పఫ్ పేస్ట్రీ షీటు (వెన్నతో పొరలు పొరలుగా చేసిన రెడీమేడ్ పిండి) ముందురోజు రాత్రే ఫ్రీజర్ లోంచి తీసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

అసలు సంగతి కూరలో ఉంది. మీరు పులుసు చేస్తున్నారు, దీనికి కావాల్సింది ఇగురు. పౌను గ్రౌండ్ బీఫ్‌ని వెడల్పాటి పెనం బాగా కాగాక పరిచి, మూడు నాలుగు నిమిషాలు గరిటె పెట్టకుండా వదిలేయండి. మొదట మాంసం నీరు వదిలి బుసబుసమంటుంది, ఆ నీరు ఇగిరాక చప్పుడు మారి చిటపటలాడుతుంది, అప్పుడు తిప్పితే అడుగువైపు ముదురు గోధుమరంగు కనిపిస్తుంది. రుచంతా ఆ రంగులోనే ఉంది, చాలామంది తొందరపడి ఇక్కడే పోగొట్టుకుంటారు. కొవ్వు ఎక్కువగా తేలితే ఖాళీ రేకు డబ్బాలోకి వంపేయండి, సింకులో మాత్రం పోయకండి, పేరుకుని పైపు మూసుకుపోతుంది.

తర్వాత సన్నగా తరిగిన ఉల్లిపాయ, క్యారెట్, రెండు వెల్లుల్లి రెబ్బలు వేసి మగ్గనిచ్చి, చెంచా టమాటా పేస్టు, చెంచా మైదా చల్లి ఒక నిమిషం వేయించి, కప్పు బీఫ్ బ్రాత్ (మాంసం ఉడికించిన రసం, స్టోర్‌లో దొరుకుతుంది) పోయండి. మైదా వేయకపోతే చిక్కబడదు. గరిటెతో పెనం మధ్యలో గీత గీస్తే ఆ దారి ఒక్క క్షణం అలాగే నిలవాలి, వెంటనే మూసుకుపోతే ఇంకా ఇగరాలి. చివర్లో గుప్పెడు పచ్చి బఠానీ. బ్రాత్‌లో ఉప్పుంటుంది కాబట్టి రుచి చూశాకే ఉప్పు వేయండి. గరం మసాలా జోలికి వెళ్లకండి, బాబు అడుగుతున్నది స్నేహితుడి ఇంటి రుచి కదా, మిరియాలు, థైమ్ అనే సువాసన ఆకు, కాస్త వూస్టర్‌షర్ సాస్ (పుల్లపుల్లగా ఉండే నల్లటి సాస్) సరిపోతాయి.

వేడి కూర మీద పొర కప్పితే అందులో వెన్న ఓవెన్‌లోకి వెళ్లకముందే కరిగిపోయి పొంగదు. అందుకే నా సలహా, కూర ఆదివారమే చేసి ఫ్రిజ్‌లో పెట్టేయండి, మూడు రోజులు హాయిగా ఉంటుంది. మంగళవారం ఆరింటికి వచ్చి ఓవెన్ 400 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి పెట్టి, చల్లని కూర మీద షీటు పరిచి, ఆవిరి పోవడానికి నాలుగు గాట్లు పెట్టి, గిలక్కొట్టిన గుడ్డు రాసి లోపలికి తోసేయండి. అరగంటలో బంగారు రంగులో పొంగుతుంది. గాట్లలోంచి కూర కుతకుతలాడుతూ కనిపించాలి, లేకపోతే ఇంకో ఐదు నిమిషాలు ఉంచండి. పొర మాడేలా ఉంటే మీద ఫాయిల్ కప్పండి. తీశాక పది నిమిషాలు ఆగి కోయండి, ఈలోగా బాబు హోంవర్క్ చూసుకోవచ్చు.

షీటు తేవడం మర్చిపోయిన రోజు, ఉడికించిన బంగాళాదుంపలు వెన్న, పాలతో మెత్తగా మెదిపి అదే కూర మీద పరవండి. ఇంగ్లండ్‌లో దాన్నే కాటేజ్ పై అంటారు, గొర్రె మాంసంతో చేస్తే షెపర్డ్స్ పై. ఫోర్కుతో మీద గీతలు గీస్తే ఆ అంచులు ఓవెన్‌లో కరకరలాడతాయి.

మిగిలింది మర్నాడు ఓవెన్‌లోనే వేడి చేయండి, మైక్రోవేవ్‌లో పెడితే పొర మళ్లీ మెత్తబడుతుంది.