నిక్షయ్ మిత్రగా (టీబీ పేషెంట్లకు నెలనెలా సరుకులిచ్చే దాతగా) చేరాం, పేషెంట్లను ఎందుకు కేటాయించలేదు?
మారతహళ్లి అపార్ట్‌మెంట్ సంఘం పేరుతో నమోదయ్యాక కబురే లేదన్నారు. ఆన్‌లైన్ నమోదు దగ్గరే ఆగిపోయి ఉంటారు.

1. వచ్చిన ఐడీతో జిల్లా క్షయ నివారణ అధికారి ఆఫీసుకు మీరే వెళ్లండి. చాలామంది వదిలేసేది ఇదే. ఎంతమందికి, ఎన్నాళ్లు ఇవ్వగలరో అక్కడ చెప్పాలి. కనీసం 6 నెలలు. సాయానికి ఒప్పుకున్న పేషెంట్లనే మీకు జతచేస్తారు.

2. పెద్దవాళ్లకు నెలకు సూచించిన సరుకులు: 3 కిలోల బియ్యం లేదా చిరుధాన్యాలు, కిలోన్నర పప్పు, పావుకిలో నూనె, కిలో పాలపొడి లేదా వేరుశనగ.

సరుకులిస్తూ ఫొటోలు మాత్రం తీయకండి, దయచేసి. ఇంటి ఓనరుకు తెలిస్తే ఖాళీ చేయమంటాడేమోనని వాళ్ల టెన్షన్. సన్మానం చేయాలనుంటే ఆశా కార్యకర్తలకు చేయండి. జబ్బు నయమై, ఇతరులకు ధైర్యం చెబుతున్న టీబీ ఛాంపియన్లనూ పిలవచ్చు, వాళ్లు సరేనంటేనే.