7/5 నంబరు ఎంత?

ప్రశ్న: ధన అకరణీయ సంఖ్యలన్నిటికీ, అంటే 1/2, 7/5 లాంటి భిన్నాలన్నిటికీ, 1, 2, 3 అని నంబర్లు వేసి ఒకే వరసలో పెట్టవచ్చని చదివాను. ఏ రెండు భిన్నాలు తీసుకున్నా మధ్యలో ఇంకోటి ఉంటుంది కదా, మరి ఒకదాని 'తర్వాతది' అంటే ఏది? 1/1, 1/2, 1/3 అంటూ మొదలుపెడితే ఆ వరసే తెగడం లేదు, ఇక 2/3 వంతు ఎప్పుడొస్తుంది?

జవాబు: మీరు చిన్నవి ముందు, పెద్దవి వెనక అని పేర్చాలని చూస్తున్నారు, చిక్కంతా అక్కడే. అలా అయితే కుదరదు, అసలు మొదట ఎవర్ని నిలబెట్టాలో కూడా తెలియదు. ఇక్కడ వరసకి ఉన్న షరతు ఒకటే: ఏ భిన్నం చెప్పినా అది ఫలానా నంబరు దగ్గర వస్తుందని చూపించగలగాలి. చిన్నా పెద్దా తేడా వదిలేయండి.

పుస్తకాల్లో గణితవేత్త కాంటర్ పేరుతో కనిపించే పద్ధతిలో లవాన్నీ హారాన్నీ కూడి, ఆ మొత్తాన్ని బట్టి గుంపులు చేస్తారు. మొత్తం 2 అయ్యేది 1/1 ఒక్కటే, 3 అయ్యేవి 1/2, 2/1, 4 అయ్యేవి 1/3, 2/2, 3/1. ప్రతి గుంపూ ఎక్కడో ఒకచోట అయిపోతుంది కాబట్టి తర్వాతి గుంపుకి వెళ్లగలం, మీ 2/3 నాలుగో గుంపులోనే దొరుకుతుంది. పని జరుగుతుంది గానీ నాకు పెద్దగా నచ్చదు. 2/2 అంటే మళ్లీ 1/1 కదా, ఇలాంటి డూప్లికేట్లని కొట్టేస్తూ పోవాలి, వందోది ఏదని ఎవరైనా అడిగితే ఎన్ని కొట్టేశామో లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి.

ఆ గోల లేని పద్ధతి ఒకటుంది. గణితవేత్తలు నీల్ కాల్కిన్, హెర్బర్ట్ విల్ఫ్ 2000లో ప్రచురించారు. కొమ్మలు కిందికి పెరిగే చెట్టు ఒకటి గీద్దాం. పైన 1/1 రాయండి. ప్రతి భిన్నం కిందా రెండు కొమ్మలు: ఎడమవైపు లవం అలాగే ఉంచి, హారం స్థానంలో రెండింటి మొత్తం, కుడివైపు హారం అలాగే ఉంచి, లవం స్థానంలో ఆ మొత్తం. పై నుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి చదివితే 1/1, 1/2, 2/1, 1/3, 3/2, 2/3, 3/1, 1/4, 4/3... ఒక్కసారి పరీక్షగా చూడండి, ప్రతి భిన్నం హారమే పక్క భిన్నానికి లవం అవుతోంది!

ఇప్పుడు 7/5 ఎక్కడుందో వెతుకుదాం. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తూ పైకి ఎక్కడమే: 7/5 పైన 2/5, దాని పైన 2/3, ఆ పైన 2/1, చివరికి 1/1. అదే దారిలో కిందికి దిగుతూ, ఎడమకి తిరిగితే నంబరుని రెట్టింపు చేయండి, కుడికి తిరిగితే రెట్టింపు చేసి ఒకటి కలపండి. 1, 3, 6, 12, 25. అంటే 7/5 ఇరవై అయిదోది. పైకి ఎక్కే దారి ప్రతి భిన్నానికీ ఒక్కటే కాబట్టి ఏదీ రెండుసార్లు రాదు. ఈ తీసివేతలు గ.సా.భా. కనుక్కోవడానికి యూక్లిడ్ చెప్పినవే, అందుకే 14/10తో ఎక్కితే 2/2 దగ్గర ఇరుక్కుపోతారు, అది చెట్టులో లేదు.

ఇక మీరడిగిన 'తర్వాతది'. చెట్టు గీయకుండానే కనుక్కునే సూత్రం మోషె న్యూమన్ ఇచ్చాడు: సంఖ్యలోని పూర్ణ భాగాన్ని రెట్టింపు చేసి, ఒకటి కలిపి, అందులోంచి ఆ సంఖ్యనే తీసేసి, వచ్చినదాన్ని తిరగేయండి. 7/5లో పూర్ణ భాగం 1, రెట్టింపు చేసి ఒకటి కలిపితే 3, అందులోంచి 7/5 పోతే 8/5, తిరగేస్తే 5/8. ఇరవై ఆరోది అదే.