పసుపు ఎక్కడ తడిసిందో తేల్చే బాధ్యత మీది కాదు

ప్రశ్న: మాది నిజామాబాద్. పసుపు కొమ్ములు ఎగుమతి చేస్తాం. 50 కిలోల బస్తాలు 280 ఒక కంటైనర్‌లో హాంబర్గ్‌కు పంపాను. మా గోదాము నుంచి సనత్‌నగర్ కంటైనర్ డిపో వరకు లారీ, అక్కడి నుంచి నవా షేవా పోర్టుకు రైలు, ఆపైన ఓడ. అన్నిటికీ కలిపి ఒకే ఫార్వర్డర్‌తో (రవాణా ఏర్పాట్లన్నీ చూసే సంస్థ) రేటు మాట్లాడుకున్నాం, ఒకే డాక్యుమెంట్ ఇచ్చాడు. హాంబర్గ్‌లో తెరిస్తే 110 బస్తాలు తడిసి బూజు పట్టి ఉన్నాయి. కొన్న పార్టీ మూడో రోజే ఫొటోలతో నాకూ ఫార్వర్డర్‌కూ మెయిల్ పెట్టి, నాకు రావాల్సిన డబ్బులో ఆ మేరకు కోసేసింది. లారీ వాళ్లు, రైలు వాళ్లు, ఓడ కంపెనీ ఎవరికి వారు మాకు సంబంధం లేదంటున్నారు. ఎక్కడ తడిసిందో రుజువు తెస్తే చూద్దామని ఫార్వర్డర్ అంటున్నాడు. డెలివరీ అయి ఆరు నెలలు దాటింది. ఏం చేయాలి?

జవాబు: ముందు డెలివరీ అయిన తేదీ చూసుకోండి. అక్కడి నుంచి తొమ్మిది నెలల్లోపు మీ దావా పడాలి. ఇలాంటి నష్టాలకు మూడేళ్ల గడువు ఉంటుందనే ధీమాతో హక్కు పోగొట్టుకున్న వాళ్లను చూశాను, అందుకే ఈ మాట ముందు చెబుతున్నాను. సరుకును భారతదేశంలో తీసుకుని, రెండు లేదా అంతకుమించిన రవాణా సాధనాల మీద, ఒకే ఒప్పందం కింద విదేశానికి చేరవేస్తే దానికి 1993 నాటి మల్టీమోడల్ రవాణా చట్టం వర్తిస్తుంది. అందులో 24వ సెక్షన్ పెట్టిన గడువు ఇది. ఫార్వర్డర్ ‘చూద్దాం, మాట్లాడదాం’ అంటున్నంత మాత్రాన ఆ గడువు ఆగదు.

ఇక మీ అసలు ప్రశ్న. రుజువు తెమ్మని ఫార్వర్డర్ అనడం తప్పు. మొత్తం ప్రయాణానికి తన పేరు మీద డాక్యుమెంట్ ఇచ్చినవాడే, సరుకు తన చేతికి వచ్చినప్పటి నుంచి అప్పగించేదాకా బాధ్యుడని 13వ సెక్షన్ చెబుతోంది. తన వైపు గానీ, తాను పెట్టుకున్న లారీ, రైలు, ఓడ వాళ్ల వైపు గానీ తప్పు లేదని అతనే నిరూపించుకోవాలి. ఆ ముగ్గురి వెంట మీరు తిరగాల్సిన పని లేదు.

పైగా, తడిసిన చోటు తేలకపోవడం మీకు నష్టమేమీ కాదు. చోటు తేలకపోతే, సరుకు విలువను డాక్యుమెంట్‌లో ప్రకటించని సందర్భంలో, పరిహారానికి 14వ సెక్షన్ పరిమితి వర్తిస్తుంది. పాడైన సరుకుకు కిలోకు 2 ఎస్‌డీఆర్‌లు లేదా ఒక్కో ప్యాకేజీకి 666.67 ఎస్‌డీఆర్‌లు, ఏది ఎక్కువైతే అది. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్క కట్టే ప్రమాణం, ఒక్కోటి వంద రూపాయల పైమాటే. మీ డాక్యుమెంట్‌లో ‘280 బస్తాలు’ అని రాసి ఉంటే ఒక్కో బస్తా ఒక్కో ప్యాకేజీ కింద లెక్క. ‘ఒక కంటైనర్’ అని మాత్రమే రాసి ఉన్నా, పాడైన 5,500 కిలోలకు 11,000 ఎస్‌డీఆర్‌లు, అంటే 11 లక్షల పైనే వస్తుంది. పసుపు ధరకు ఈ పరిమితి అడ్డు రాకపోవచ్చు. అదే లారీ మీదే తడిసిందని తేలితే 15వ సెక్షన్ ప్రకారం రోడ్డు రవాణా చట్టపు పరిమితి వస్తుంది. అక్కడ విలువ ప్రకటించకపోతే సాధారణంగా కిరాయికి పది రెట్లే. సనత్‌నగర్ దాకా కిరాయి ఎంతో మీకు తెలుసు.

నష్టం విలువ కట్టేటప్పుడు నిజామాబాద్ యార్డు ధర కాదు, డెలివరీ చోట ఆనాటి ధర చూస్తారు. హాంబర్గ్ పార్టీ నుంచి దానికి కాగితం తెప్పించుకోండి.

బయటికి కనిపించని నష్టానికి ఆరు రోజుల్లో లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. మూడో రోజు మెయిల్ ఫార్వర్డర్‌కు కూడా వెళ్లింది కాబట్టి ఆ చిక్కు మీకు లేదు.

అతను ఎత్తే వాదన నాకు తెలుసు: పసుపు సరిగా ఆరలేదు, కంటైనర్‌లో చెమ్మ పట్టింది అంటాడు. దానికి జవాబు, పాడైన సరుకును పరిశీలించిన సర్వేయర్ రిపోర్టులో ఉండాలి. సిల్వర్ నైట్రేట్ పరీక్షలో ఉప్పు నీటి జాడ దొరికితే, అది పసుపులోని చెమ్మ కాదు, బయటి నీరేనన్న మీ వాదన గట్టిపడుతుంది. లోడింగ్‌కు ముందు తేమ శాతం చూపిన ల్యాబ్ రిపోర్టు ఉంటే అది బంగారంతో సమానం.

నన్ను కలవరపెడుతున్నది దావాకు ముందు మెట్టు. మూడు లక్షలు, ఆపైన విలువైన వాణిజ్య వివాదంలో, అత్యవసర ఉత్తర్వు అడిగితే తప్ప, ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలని సుప్రీంకోర్టు 2022లో తేల్చి చెప్పింది. దానికి మూడు నెలల దాకా పట్టవచ్చు. ఆ కాలాన్ని గడువు నుంచి మినహాయిస్తారు కానీ, ఆ మినహాయింపు 1963 లిమిటేషన్ చట్టం పేరుతో రాసి ఉంది. మీ తొమ్మిది నెలలు వేరే చట్టంలోవి. దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. ఈ వారమే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టండి. అవతలి పక్షం రాకపోతే ఆ మేరకు రిపోర్టు ఇస్తారు, వెంటనే దావా వేయవచ్చు. సరుకు అప్పగించిన చోటు నిజామాబాద్ కాబట్టి, ముంబై వెళ్లకుండా ఇక్కడి పరిధిలోని కమర్షియల్ కోర్టులోనే వేసుకోవచ్చు.

అయితే ముందు డాక్యుమెంట్ వెనక సన్నటి అక్షరాలు చదవండి. ఆర్బిట్రేషన్ క్లాజు (వివాదాన్ని కోర్టు కాక తీర్పరి తేల్చాలనే షరతు) ఉంటే దారి మారుతుంది: గడువులోపు ఆర్బిట్రేషన్ నోటీసు అతని చేతికి అందాలి. ముందు వైపు అతని మల్టీమోడల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉందా, సంతకం ‘ఏజెంట్‌గా’ అని చేశాడా చూడండి. ఏజెంట్‌గా చేసి ఉంటే ఇప్పుడు చెప్పిన లెక్కంతా మారుతుంది, లారీ, రైలు, ఓడ వాళ్లనే విడివిడిగా అడగాల్సి రావచ్చు. లారీ మీద బుకింగ్ నుంచి 180 రోజుల నోటీసు గడువు, రైల్వే మీద ఆరు నెలల గడువు ఈపాటికి దాటిపోయి ఉంటాయి. ఓడ కంపెనీ మీద మాత్రం డెలివరీ నుంచి ఏడాది ఉంటుంది.

డాక్యుమెంట్ హాంబర్గ్ పార్టీ పేరు మీదికి మారి ఉంటే, దావా వేసే హక్కు కూడా వాళ్లకు మారిందని ఫార్వర్డర్ అంటాడు. మీ డబ్బు కోసుకున్నారు కాబట్టి, ఈ క్లెయిమ్ మీకు బదలాయిస్తున్నట్లు వాళ్ల దగ్గర ఇప్పుడే ఉత్తరం రాయించుకోండి. సరుకుకు ఇన్సూరెన్స్ ఉంటే కంపెనీకి కూడా వెంటనే తెలియజేయండి. ఫార్వర్డర్ మీద గడువు దాటనిస్తే ఇన్సూరెన్స్ వాళ్లు మీ క్లెయిమ్‌కు అభ్యంతరం పెట్టవచ్చు.