నీకు కడుపుమంటగా ఉన్నదా? (పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు)

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువభాగం బైబిల్‌లో మత్తయి సువార్త 20వ అధ్యాయం చుట్టూనే తిరిగాయి. చెన్నైలో మన తెలుగు క్రైస్తవ సంఘాల్లో ఈమధ్య ఎవరెవరు ఆ వాక్యం చెప్పారో గానీ, విన్నవాళ్లకి బాగానే గుచ్చుకున్నట్టుంది. కథ గుర్తులేనివాళ్లకి రెండు ముక్కల్లో చెబుతాను. ఒక ద్రాక్షతోట యజమాని తెల్లవారగానే రోజుకి ఒక దేనారం అని మాట్లాడుకుని కూలీలను పెట్టుకుంటాడు, మళ్లీ తొమ్మిదికి, పన్నెండుకి, మూడింటికి, ఆఖరికి పొద్దుగూకబోతుంటే అయిదింటికి కూడా వెళ్లి ఖాళీగా నిలబడ్డవాళ్లను తోటలోకి పంపుతాడు. సాయంత్రం అందరికీ అదే ఒక్క దేనారం. పొద్దుటినుంచి ఎండలో మాడినవాళ్లు సణిగారు. ఇక ప్రశ్నలు.

ప్రశ్న: ఓఎంఆర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఏడేళ్లుగా చేస్తున్నాను. కొత్తగా మా టీంలోకి వచ్చిన కుర్రాడికి నాకంటే జీతం ఎక్కువని తెలిసింది. అతనికి పని నేర్పుతున్నది నేనే. ఆదివారం మా పాస్టరు అయ్యగారు ఈ ఉపమానం చెప్పి, ఉన్నదానితో తృప్తిపడండి అన్నారు. నోరుమూసుకోమన్నట్టు అనిపించింది. నాది అసూయేనా?
– పేరు వద్దన్నారు, షోళింగనల్లూరు

జవాబు: తమ్ముడూ, ఆ ఉపమానాన్ని తీసుకెళ్లి హెచ్‌ఆర్ వాళ్ల చేతిలో పెట్టకూడదు. పరలోకరాజ్యం ఇలా ఉంటుంది అని యేసు చెప్పాడు గానీ, మీ కంపెనీలో జీతాలు ఇలా ఇవ్వాలి అని చెప్పలేదు. జీతం డబ్బుల దగ్గరికి వస్తే బైబిల్ చాలా కటువుగా ఉంటుంది. కూలివాడి కూలి మర్నాటి దాకా నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండం 19లో ఉంది, బిగపట్టిన కూలి మొర్రపెడుతోందని యాకోబు 5లో ఉంది. కాబట్టి నువ్వు మేనేజర్ దగ్గరికి వెళ్లి, నీ పనికి బయట ఎంత ఇస్తున్నారో కాగితం మీద పెట్టి అడగడం పాపం కాదు. కొత్తవాళ్లను మార్కెట్ రేటుకి తీసుకుంటారు, పాతవాళ్లకి ఏడాదికింత శాతం అని పెంచుకుంటూ పోతారు, అందుకే ఒకేచోట నమ్మకంగా ఉన్నవాడు వెనకబడతాడు. ఇది ఆ కుర్రాడు చేసిన తప్పు కాదు. నీకు రావలసింది నీకు రాలేదనుకుంటే అడుగు, ఇవ్వకపోతే ఇంకోచోట చూసుకో. తృప్తి అనే మాటను జీతం ఎగ్గొట్టడానికి వాడేవాళ్లుంటారు, సంఘంలో కూడా.

అయినా నువ్వు అడిగింది అసూయ గురించి గనుక, ఒక పరీక్ష పెట్టుకో. రేపు మేనేజర్ పిలిచి, నీకు పెంచడం కుదరదు గానీ అతనికి తగ్గించేస్తాను అన్నాడనుకో, లోపల హాయిగా ఉంటుందా? ఉంటే అది న్యాయం కోసం బాధ కాదు. మన తెలుగు బైబిల్‌లో యజమాని అడిగిన మాట ఉన్నదున్నట్టు అదే: "నేను మంచివాడనైనందున నీకు కడుపుమంటగా ఉన్నదా?"

ఆ కథలో చాలామంది దాటేసే సంగతి ఒకటుంది. కూలి ఇచ్చేటప్పుడు ఆఖరున వచ్చినవాళ్లతో మొదలుపెట్టమన్నాడు యజమాని. తెల్లవారుజామువాళ్లకి ముందు ఇచ్చి పంపేస్తే గొడవే లేదు, దేనారం మొలకి దోపుకుని సంతోషంగా ఇంటికి పోయేవాళ్లు. పక్కవాడి చెయ్యి కంటబడింది గనుక రేగింది గానీ, వాళ్ల చేతిలో పడ్డదాంట్లో ఒక్క కాసు తగ్గలేదు. యజమాని కావాలనే వాళ్లు చూసేలా ఇచ్చాడని నేననుకుంటాను.

అయిదింటి దాకా నిలబడ్డవాళ్లు సోమరులని కూడా అనుకోవద్దు. ఎందుకిలా ఊరికే నిలబడ్డారంటే, ఎవరూ మమ్మల్ని పనికి పెట్టుకోలేదు అన్నారు. నీ ఆఫీసు బస్సు ఎక్కే దారిలో పొద్దున్నే ఎక్కడో ఒకచోట అడ్డా కూలీలు కనబడతారు, ఒకసారి ఆగి చూడు. బండి ఆగగానే కండ ఉన్న కుర్రాళ్లు మొదట ఎక్కుతారు, తాపీ పని తెలిసినవాళ్లను పేరు పెట్టి పిలుచుకుంటారు, పది దాటాక మిగిలేది తట్ట పక్కన పెట్టుకుని కూర్చున్న ముసలామె, మోకాలు సరిగా లేని పెద్దాయన. దేనారం అంటే ఆ రోజుల్లో ఒక రోజు కూలి, ఇంటిల్లిపాది ఆ పూట గడవడానికి సరిపడేది. అయిదింటికి వచ్చినవాడికి లెక్కప్రకారం పన్నెండో వంతు చేతిలో పెడితే ఆ రాత్రి పిల్లలకి ఏం పెడతాడు? యజమాని చూసింది గంటలను కాదు, ఆ కుండను.

ప్రశ్న: ఆరేళ్లుగా మంచంలో ఉన్న అమ్మను నేనే చూసుకుంటున్నాను. తాగి తిరిగిన మా తమ్ముడు పోయినేడాది మారుమనస్సు పొంది బాప్తిస్మం తీసుకున్నాడు. ఇప్పుడు ప్రతి కూడికలో వాడి సాక్ష్యమే, అందరూ చప్పట్లు, అమ్మ కూడా వాడొస్తేనే నవ్వుతుంది. నాకు ఏడుపొస్తోంది. ఇలా అనిపించినందుకు సిగ్గుగా కూడా ఉంది.
– ఒక సోదరి, పెరంబూరు

జవాబు: సిగ్గుపడకమ్మా. లూకా 15లో, ఇల్లు వదిలిపోయి తిరిగొచ్చిన చిన్నకొడుక్కి తండ్రి విందు చేస్తుంటే పెద్దకొడుకు అన్నమాట మీరూ అంటున్నారు, అంతే. ఇన్నేళ్లు చాకిరీ చేశాను, నాకు ఒక మేకపిల్లనైనా ఇవ్వలేదే అన్నాడతను. అతన్ని మనం ప్రసంగాల్లో ఊరికే తిడతాం, కానీ పొలంలో నుంచి ఒళ్లంతా దుమ్ముతో వచ్చినవాడికి ఇంట్లో వాయిద్యాలు వినబడితే ఎలా ఉంటుంది? ఎవరూ పొలానికి కబురు కూడా పంపలేదు, పనివాణ్ని అడిగి తెలుసుకోవలసి వచ్చింది.

తండ్రి అతని మీద అరవలేదు. విందు మధ్యలో లేచి బయటికొచ్చి బతిమాలుకున్నాడు. చిన్నవాడి కోసం దారి మీదికి పరుగెత్తినవాడే పెద్దవాడి కోసం గుమ్మం దాటాడు. మీ చాకిరీ దేవుడు లెక్కలో రాసుకోలేదనుకోవద్దు. "నీవెల్లప్పుడును నాతోకూడ ఉన్నావు, నావన్నియు నీవి" అన్న మాట తిరిగొచ్చినవాడితో కాదు, ఇంట్లోనే ఉన్నవాడితో అన్నది, అంటే మీతో.

కానీ ఆత్మీయంగా చెప్పి వదిలేస్తే మీ నడుం నొప్పి పోదు. తమ్ముడు మారాడంటున్నారు, చాలా సంతోషం. మారినవాడు శుక్ర, శనివారాలు రాత్రిళ్లు అమ్మ దగ్గర పడుకోవచ్చు, బెడ్‌పాన్ తీయొచ్చు, మందులకి మెడికల్ షాపుకి పోవచ్చు. సాక్ష్యం చెప్పినంత సులువు కాదు గానీ అది కూడా సాక్ష్యమే. అడగండి. మొహమాటపడితే వాడికి అసలు తోచదు, మగపిల్లలకి మన ఇళ్లలో ఎవరూ నేర్పలేదు. మీ అయ్యగారికి కూడా ఒక మాట: ఆ తమ్ముడి చేతికి మైకు ఇచ్చేముందు ఒకసారి ఆ ఇంటికి వెళ్లి ఈ అక్క కోసం ప్రార్థన చేయండి.

ప్రశ్న: మేం నాలుగు తరాలుగా క్రైస్తవులం. మా ముత్తాత కాలం నుంచి చర్చికి చేసినవాళ్లం. రెండేళ్ల కింద బాప్తిస్మం తీసుకున్నాయనను ఇప్పుడు కమిటీలో పెద్దగా నిలబెడుతున్నారు. నిన్నగాక మొన్న వచ్చినవాళ్లూ మేమూ ఒకటేనా?
– ఒక పాఠకుడు, పురసవాక్కం

జవాబు: పెద్దరికం విషయంలో మీ చేతిలో వచనం ఉంది, దాన్ని నేను కాదనను. 1 తిమోతి 3లో సంఘ అధ్యక్షుడు కొత్తగా చేరినవాడై ఉండకూడదని పౌలు రాశాడు, గర్వపడి పడిపోతాడని. రెండేళ్లు చాలా, చాలవా అన్నది మీ సంఘం కూర్చుని మాట్లాడుకోండి. కానీ మీరు అడిగింది ఆ ప్రశ్న కాదు. ఒకటేనా అని అడిగారు. ఒకటే.

నాలుగు తరాలు అన్నారు గనుక వెనక్కి వెళ్దాం. మీరు వేళచ్చేరి రైలెక్కితే కిటికీలోంచి కింద నల్లగా కనబడే బకింగ్‌హాం కాలువ కోస్తా వెంబడి పైకి మన పెదగంజాం దాకా పోతుంది. 1876 నుంచి 1878 దాకా వచ్చిన కరువులో జనానికి కూలీ పని దొరకాలని ఆ కాలువ తవ్వకం సాగింది. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ అందులో మూడున్నర మైళ్ల ముక్కకి కాంట్రాక్టు తీసుకుని, వేలమందికి పని పెట్టి కూలి ఇప్పించాడు. పనికి వచ్చినవాళ్లలో చాలామంది మాదిగలు. ఆయన దగ్గర పనిచేసే బోధకులే అక్కడ మేస్త్రీలు, సాయంత్రమైతే వాక్యం చెప్పేవాళ్లు. కూలీలు బాప్తిస్మం ఇమ్మని అడిగితే మాత్రం, కరువు పని జరిగినన్నాళ్లూ క్లౌ ఇవ్వలేదు. తిండి కోసం చేరారంటారని ఆయన భయం. పని అయిపోయింది, కూలి డబ్బులూ ఆగిపోయాయి. జనం మాత్రం ఆగలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకె మన పెద్దవాళ్లలో చాలామందికి నోటికి వచ్చు.

అయినా ఆ మాట పడనే పడ్డారు, అన్నం క్రైస్తవులని. ఆ రోజు నదిలోకి దిగినవాళ్లు కరువులో బక్కచిక్కి, చదువులేక, పొద్దుగూకే వేళకి తోటలోకి వచ్చినవాళ్లే. నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి చెన్నై చేరిన తెలుగు బాప్టిస్టు కుటుంబాల్లో ఎన్నో తరాలు లెక్కపెట్టుకుంటూ పోతే ఆ ఒడ్డుకే చేరతాయి. మీదీ ఆ వైపే అయితే మీ ముత్తాతను కూడా ఎవరో ఒకరు నిన్నగాక మొన్న వచ్చినవాడు అనే ఉంటారు. కొత్తాయన వచ్చే వారం కూడికకి వస్తే ముందు వరసలో మీ పక్కన కాస్త జరిగి చోటివ్వండి, కమిటీ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ప్రశ్న: నాతో చదివినవాళ్లందరికీ పెళ్లిళ్లు, సొంత ఫ్లాట్లు, విదేశాలు. వాళ్ల స్టేటస్‌లు చూస్తే రాత్రి నిద్రపట్టదు, ఒకటే టెన్షన్. ఏం ప్రార్థన చేయాలి?
– ఒక చెల్లి, తాంబరం

జవాబు: ముందు మ్యూట్ చెయ్యి, తర్వాత ప్రార్థన. 73వ కీర్తనలో ఆసాపు కూడా ఇదే ఒప్పుకున్నాడు, వాళ్ల క్షేమం నా కంటబడినప్పుడు మత్సరపడ్డాను, కాలు జారబోయింది అన్నాడు. అతని కంటబడింది భక్తిహీనులు, నీ కంటబడుతున్నది స్నేహితురాళ్లు, కాబట్టి ఇంకొక పని నీకు వీలవుతుంది. ఎవరి ఫోటో చూస్తే ఎక్కువ మండుతోందో ఆ అమ్మాయికి ఫోన్ చేసి బాగున్నావా అని అడుగు. ఆ ఫ్లాటు ఈఎమ్ఐ గురించి ఆమె చెప్పే కథ స్టేటస్‌లో ఉండదు.

ప్రశ్న: నేను కట్టడం పని మేస్త్రీని. ఆ యజమాని చేసినట్టు నేను ఒక్కరోజు చేస్తే మర్నాడు పొద్దున్నే ఒక్కడూ రాడు, అందరూ అయిదింటికే దిగుతారు. ఏసయ్యకి పని చేయించడం తెలియదా?
– అంబత్తూరు

జవాబు: అన్నా, ఈ నెల ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది మీదే. ఏసయ్య వడ్రంగి, పని సంగతి ఆయనకి బాగా తెలుసు. విన్నవాళ్లు కూడా మీలాగే ఇదెక్కడి లెక్క అనుకోవాలనే అలా చెప్పాడు. దీనికి కాస్త ముందు పేతురు, మేం అన్నీ వదిలేసి వచ్చాం, మాకేం దొరుకుతుంది అని అడిగాడు. అదే అధ్యాయం చివర్లో జెబెదయి కొడుకుల తల్లి తన ఇద్దరికీ ఏసయ్య రాజ్యంలో కుడి ఎడమల కుర్చీలు అడిగితే మిగతా పదిమంది శిష్యులకీ కోపం వచ్చింది. మాకెంత, వాళ్లకెంత అన్న మనుషుల మధ్య చెప్పిన కథ ఇది.

మేస్త్రీ కంటితో చూస్తే ఇంకోటి కనబడుతుంది. ఆ యజమానికి గృహనిర్వాహకుడు ఉన్నాడు, సాయంత్రం కూలి అతని చేతే ఇప్పించాడు. మనుషుల్ని వెతకడానికి మాత్రం పొద్దుటినుంచి అయిదుసార్లు తనే వెళ్లాడు. అయిదింటికి పోయి తెచ్చుకున్నది పని మిగిలిందనా, మనుషులు మిగిలారనా? నాకు రెండోదే అనిపిస్తుంది.

మీ సైటులో రేటు అందరికీ ముందే చెప్పండి, దాన్ని తగ్గించకండి, సాయంత్రానికి ఇచ్చేయండి. దానిమీద ఎవరికైనా ఎక్కువ ఇవ్వాలనిపిస్తే అది మీ జేబులోంచి రావాలి, మిగతావాళ్ల కూలిలోంచి కాదు. దావీదు కూడా ఒకసారి ఇలాంటి తగాదా తీర్చాడు (1 సమూయేలు 30). నాలుగు వందలమంది యుద్ధానికి పోతే, అలసిపోయిన రెండు వందలమంది బెసోరు వాగు దగ్గర ఆగిపోయారు. పోరాడినవాళ్లు వీళ్లకి వాటా వద్దన్నారు. సామాను దగ్గర ఉన్నవాడికీ యుద్ధానికి పోయినవాడికీ సమంగా పంచాలని దావీదు తీర్పు చెప్పాడు, అది అక్కడ కట్టడ అయింది. మీ సైటులో రాత్రి సిమెంటు బస్తాల దగ్గర కాపలా పడుకునే పెద్దాయన గుర్తొచ్చాడా?

వానపడి పని ఆగిన రోజు సగం కూలి ఇస్తున్నానని ఉత్తరం చివర చిన్నగా రాశారే, అది మానకండి. నవంబరులో మన చెన్నై వానలు తెలిసినవే. ఆ డబ్బును అడ్వాన్సు కింద రాసుకుని తర్వాత వారం కోసుకోవడం మాత్రం చేయకండి.