"కలపాల్నా, తీసెయ్యాల్నా?" అని పిల్లలు అడిగితే అది లెక్కల సమస్య కాదు

ప్రశ్న: కొత్తగా ఎస్‌జీటీగా, అంటే చిన్న తరగతుల టీచర్‌గా చేరాను. ప్రైమరీ స్కూల్, ఇద్దరు టీచర్లం, అయిదు తరగతులు. ఒక్క రోజులో తెలుగు, లెక్కలు రెండూ అందరికీ సరిగ్గా చెప్పడం ఎట్లా కుదురుతుంది?

కుదురుతుంది. కానీ తెలుగు పీరియడ్ వేరు, లెక్కల పీరియడ్ వేరు అని టైంటేబుల్లో గీతలు కొట్టుకుని కూర్చుంటే మాత్రం ఎప్పటికీ టైం చాలదు. నేను పాలమూరు వైపు ఇట్లాంటి బడిలోనే చాలా ఏళ్లుగా చేస్తున్నా, ఒకటి రెండు మూడు తరగతులు నావి, నాలుగు అయిదు మా సార్‌వి. లెక్కలు రావట్లేదు అని మనం అనుకునే పిల్లల్లో సగం మందికి రానిది లెక్క కాదండీ, చదవడం. ఇది నేను ఎక్కడైనా గట్టిగా చెప్తా.

మొన్నీమధ్య సంగతే తీసుకోండి. మూడో తరగతికి బోర్డు మీద ఒక లెక్క రాశా. "మహబూబ్‌నగర్ బస్సులో 42 మంది ఉన్నారు. జడ్చర్లలో 17 మంది దిగారు. బస్సులో ఇంకా ఎంతమంది ఉన్నారు?" చాక్‌పీసు కింద పెట్టకముందే వెనక నుంచి వచ్చేసింది, "మేడం, కలపాల్నా తీసెయ్యాల్నా?" మీ క్లాసులో కూడా ఇది రోజూ వినపడుతుంది చూడండి. దయచేసి జవాబు చెప్పకండి. చెప్పారా, 42 కింద 17 వేసి మీరన్నదే చేసేస్తారు, మీరు రైట్ కొట్టేస్తారు, పీరియడ్ అయిపోతుంది, ఎవరికీ ఏమీ రాదు.

నేను చెప్పలేదు. అడిగిన పిల్లగాడు కాసేపు చూసి 59 వేసుకొచ్చాడు. డస్టర్ తీసుకుని బోర్డు మీద అంకెలు రెండూ తుడిచేసి, ఇప్పుడు చదువు బిడ్డా అన్నా. 'బస్సు' వచ్చింది, 'మంది' దగ్గర సున్న చూసి కాసేపు కూడబలుక్కున్నాడు, 'దిగారు' దగ్గరికొచ్చేసరికి "ద... ది... గ..." అంటూ నా మొహం చూస్తున్నాడు. అంటే వాడు ఇన్నాళ్లూ లెక్కని చదవట్లేదు, అందులోంచి అంకెలు ఏరుకుంటున్నాడంతే. పక్కనున్న అమ్మాయి ఉండబట్టలేక "దిగిన్రు రా" అంది. వెంటనే వాడు "దిగితే తక్కువైతరు గద మేడం!" అన్నాడు. ఆ బస్సు ఊరి ముందు ఆగడం రోజూ చూసే పిల్లగాడికి తీసివేత అంటే ఏంటో మనం చెప్పాలా? వాడికి అడ్డం పడింది ఒక గుడి, ఒక దీర్ఘం, ఒక కొమ్ము.

అక్కడితో అయిపోలేదు. తీసివేత అని తెలిశాక 35 వేశాడు. ప్రతి బడిలో వచ్చే తప్పే ఇది, రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేస్తారు. ఇక్కడ చాలామంది టీచర్లు "పక్కింటికి పోయి అప్పు తెచ్చుకో" అని నేర్పిస్తారు, నాకు ఆ పద్ధతి అస్సలు పడదు, నాలుగు కొట్టేసి మూడు వేయాలి అని కంఠతా పట్టేస్తారు కానీ ఆ నాలుగు అంటే నలభై అని ఒక్కడికీ తెలీదు.

మా బీరువాలో చీపురు పుల్లలు ఉంటాయి, పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేసి కట్టలు కట్టి పెట్టినవి. నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు వాడి ముందు పెట్టి, పదిహేడు మందిని దింపు అన్నా. ఒక కట్ట పక్కన పెట్టాడు. రెండు విడి పుల్లలూ దాని పక్కన పెట్టాడు. ఆగాడు. వేళ్ల మీద లెక్కబెట్టుకుని "ఇంకా అయిదు" అన్నాడు, కట్ట వంక చూశాడు, నా వంక చూశాడు, విప్పితే ఏమంటుందో అని భయం. నేనేం మాట్లాడలేదు. చివరికి వాడే బ్యాండు లాగాడు, సగం పుల్లలు బెంచీ కింద పడ్డాయి, అన్నీ ఏరుకొచ్చి అయిదు తీసి పక్కన పెట్టి, మిగిలినవాటిని ఒకటికి రెండుసార్లు చూసుకుని "ఇరవై అయిదు మేడం" అన్నాడు. పుస్తకంలో పద్ధతి ఇది కాదు, అందులో ముందే కట్ట విప్పి పన్నెండు చేసి ఏడు తీయాలి. వాడిది వాడి పద్ధతి, నూటికి నూరుపాళ్లు కరెక్టు, ఆ తర్వాతే పలక పట్టించి అంకెల్లో రాయించా.

ఒక్క లెక్కకి అంతసేపా, సిలబస్ ఏం కావాలి అంటారేమో. పది లెక్కలు బోర్డు మీద నుంచి నోట్సులోకి ఎక్కించడం కంటే ఇది వెయ్యి రెట్లు మేలు అని నా నమ్మకం. ఆ టైంలో మిగతా తరగతులు ఊరికే కూర్చోలేదు. ఒకటో తరగతి వాళ్లకి పలక మీద 'తల', 'వల', 'పలక' అని పెద్దగా రాసిస్తే ఆ అక్షరాల మీద చింతగింజలు పేర్చుకుంటున్నారు, ఏ పదానికి ఎన్ని గింజలు పట్టాయో తర్వాత చెప్పాలి. రెండో తరగతి వాళ్లు జతలుగా కూర్చుని ఒకళ్లు చదువుతుంటే ఒకళ్లు వేలు జరుపుతున్నారు.

చూచిరాత గురించి కూడా చెప్పాలి. అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి, తల్లిదండ్రులు మురిసిపోతారు. అదే నోట్సు తీసి కింది లైను నుంచి చదవమనండి, చాలామంది ఒక్క పదం చదవలేరు, ఎందుకంటే వాళ్లు రాసింది కాదు, బొమ్మ గీశారు. గుణింతాలూ అంతే. "కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి" అని పాటలా అప్పజెప్తారు, మధ్యలో 'కూ' చూపిస్తే మళ్లీ మొదటి నుంచి పాడుకుంటూ రావాలి. ఏడు ఆర్లు ఎంత అంటే ఏడొకట్ల ఏడు నుంచి మొదలుపెట్టే పిల్లలదీ ఇదే జబ్బు. పాడించండి, వద్దనను, కానీ ఆ వెంటనే వరస తప్పించి అడగండి.

పొద్దున మొదటి గంటన్నర బంగారం లాంటి టైం, పిల్లల బుర్ర బాగా పనిచేసేది అప్పుడే. సరిగ్గా అప్పుడే మనకి ఫోన్లో హాజరు, భోజనం లెక్క, గ్రూపులో "అర్జెంట్" అని ఏదో ఒక ఫార్మాట్. 2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్లో జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వేరే పనులకి టీచర్లని వాడకూడదని రాసి ఉంది, ఈ ఫార్మాట్లు మాత్రం బడి పనే అంటారు. ఇద్దరే టీచర్లున్న బడిలో ఒకళ్లు ఫోన్ పట్టుకుంటే సగం బడి ఆగిపోయినట్టే కదా.

2021లో చిన్న తరగతుల పిల్లలకి చదవడం, లెక్కలు రావాలని కేంద్రం వాళ్ల నిపుణ్ భారత్ వచ్చింది, మూడో తరగతి పిల్లలు అర్థం చేసుకుంటూ నిమిషానికి కనీసం 60 పదాలు చదవాలన్నారు. అదే పని కోసం మన తెలంగాణలో 2022లో తొలిమెట్టు కార్యక్రమం వచ్చింది. ఉద్దేశం మంచిదే, ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో అక్కడి నుంచి చెప్పమనడం నాకు చాలా నచ్చింది. కానీ అదే ఏడాది సర్కారు బళ్లన్నిటిలో ఇంగ్లీష్ మీడియం కూడా మొదలైంది. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీష్ ఉంటాయి. 'దిగారు' చదవలేని పిల్లగాడు 'హౌ మెనీ ఆర్ లెఫ్ట్' దగ్గర ఏం చేస్తాడు? మళ్లీ అంకెలే ఏరుకుంటాడు. అందుకే నేను లెక్కని ముందు తెలుగు పేజీలో పిల్లలతోనే చదివిస్తా, సంగతి వాళ్ల నోటితో చెప్పిస్తా, ఆ తర్వాతే ఇంగ్లీష్ పేజీ.

ఇక మీ రోజు సంగతి. పొద్దున రాగానే ఫోన్ పక్కన పడేసి రోజుకి కొందర్ని దగ్గర కూర్చోబెట్టుకుని ఒక్కొక్కళ్లతో గట్టిగా చదివించండి. తర్వాత ఆ బస్సు లెక్కలాంటిది ఒకటే, దాన్ని పుల్లలతోనో గింజలతోనో చేయించండి. మధ్యాహ్నం అన్నం తిన్నాక కళ్లు మూతలు పడుతుంటాయి, అప్పుడు రాత పనులు పెట్టకండి, అయిదు తరగతుల్నీ కలిపి అంగడి ఆట ఆడించండి. అట్టముక్కల మీద "టమాట కిలో 20 రూపాయలు" అని ధరల పట్టీ మీరు రాసివ్వకండి, పిల్లలతోనే రాయించండి. 'టమట' అని రాస్తే కొనేవాళ్లు ఇదేం కూరగాయ అని గొడవ పెట్టుకుంటారు, చిల్లర తప్పు ఇస్తే ఇంకా పెద్ద గొడవ. మీరు మధ్యలోకి పోకండి, అమ్మేవాడే అయిదో తరగతి అక్కని అడిగి దిద్దుకుంటాడు.